మూడేళ్ళ బాబు నాలుగు భాషలు కలిపి మాట్లాడుతున్నాడు, ఇంట్లో తెలుగు ఆపేయాలా?

మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెబుతాను, ఇదే పరిస్థితిలో ఉన్న మరికొందరు తల్లిదండ్రులకు కూడా ఉపయోగపడుతుంది. మీది ఒంగోలు వైపు, మీ వారిది హిందూపురం వైపు. బెంగళూరులో మారతహళ్ళి దగ్గర అపార్ట్‌మెంటులో ఉంటున్నారు. బాబుకు మూడేళ్ళ నాలుగు నెలలు. పగలు చూసుకునే ఆమె కన్నడం మాట్లాడుతుంది, కింద ఆడుకునే పిల్లలు హిందీ, ఇంగ్లీషు మాట్లాడతారు, ప్లేస్కూల్లో అంతా ఇంగ్లీషే. బాబు "హాలు బేడ అమ్మా, జ్యూస్ కావాలి" (కన్నడంలో "హాలు బేడ" అంటే "పాలు వద్దు") అనీ, "అన్న నన్ను పుష్ చేశాడు" అనీ అంటున్నాడు. ఇన్ని భాషలతో పిల్లవాడు అయోమయంలో పడుతున్నాడని, ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడమని టీచరు చెప్పారు. తెలుగు ఆపాలా అన్నది మీ మొదటి ప్రశ్న. ఆపకపోతే మీ కోస్తా తెలుగు నేర్పాలా, మీ వారి సీమ తెలుగు నేర్పాలా అన్నది రెండోది.

మీ బాబు అయోమయంలో లేడు. తెలుగు ఆపవద్దు. ఇద్దరూ ఎవరి తెలుగు వారు మాట్లాడండి. భాషల సంఖ్య వల్ల పిల్లలకు మాటలు ఆలస్యం కావు. ఇంటిభాష నిలవడం, నిలవకపోవడం అన్నది ఆ భాషలో పిల్లవాడితో రోజూ ఎంత సంభాషణ జరుగుతోంది, ఆ భాషతో వాడికి ఎంత పని పడుతోంది అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. నేను బెంగళూరులో చాలాకాలంగా స్పీచ్ థెరపిస్టుగా పనిచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చే కుటుంబాల్లో మీలాంటి తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి, ఈ సలహా విని ఇంటిభాష మానేసినవాళ్ళనూ, విన్నా మానని వాళ్ళనూ ఇద్దరినీ చూశాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదట మీ బాబు మాటలనే గమనిద్దాం. "పుష్ చేశాడు" అన్నప్పుడు వాడు ఇంగ్లీషు క్రియను తీసుకున్నాడు, కానీ దానికి నేరుగా తెలుగు ప్రత్యయం తగిలించలేదు. "పుషాడు" అని ఏ పిల్లవాడూ అనడు. పరాయి క్రియను పక్కన నిలబెట్టి, కాలమూ పురుషా లింగమూ అన్నీ "చేయు" అనే తెలుగు క్రియ చేత మోయించాడు. "నన్ను" అని ద్వితీయా విభక్తి సరిగ్గా పెట్టాడు, కర్తను ముందు, కర్మను తరువాత, క్రియను చివర ఉంచాడు. అంటే ఆ వాక్యం తెలుగు వాక్యమే, అందులో ఒక ఇంగ్లీషు మాట ఉంది, అంతే. ఇదే పిల్లలు "స్కూల్లో", "ఆంటీకి", "బుక్కులు" అంటారు కానీ, ఇంగ్లీషు విభక్తిని తెలుగు నామానికి తగిలించి "ఇన్ బడి" అనరు. ఏ భాష వాక్యానికి చట్రంగా ఉండాలో, ఏ భాష మాట అందులో కూర్చోవాలో మూడేళ్ళ పిల్లలకు ఎవరూ చెప్పకుండానే తెలుసు. అయోమయంలో ఉన్న పిల్లవాడి మాటల్లో ఇంత క్రమం ఉండదు.

"హాలు బేడ" సంగతి మరీ సులువు. మధ్యాహ్నం పాలు కలిపి ఇచ్చేది కన్నడం మాట్లాడే ఆమె కాబట్టి, పాలకు సంబంధించిన మాటలు వాడికి ఆమె నోటి నుంచే ఎక్కువగా వచ్చాయి. మీరు ఒక్క వారం గమనించండి. ఆమెతో మాట్లాడేటప్పుడు వాడి నోట తెలుగు మాటలు తగ్గుతాయి, మీ అమ్మగారితో ఫోనులో మాట్లాడేటప్పుడు కన్నడం తగ్గుతుంది. మీతో మాత్రం అన్నీ కలుపుతాడు. మీకు అన్నీ అర్థమవుతాయని వాడికి తెలుసు కనుక కలుపుతాడు. ఎవరికి ఏ భాష అర్థమవుతుందో గుర్తుపెట్టుకుని మాట మార్చడం రెండేళ్ళు దాటేసరికే పిల్లల్లో కనిపిస్తుంది.

పిల్లలు ఈ పని ఎంత ముందుగా మొదలుపెడతారో చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. నాలుగు రోజుల పసికందులు సైతం తమ తల్లి మాట్లాడే భాషకూ మరో భాషకూ తేడా పట్టగలరని ఫ్రాన్సులో 1988లో జరిగిన పరిశోధన చూపింది, కడుపులో ఉన్నప్పుడే మాటల లయ వాళ్ళ చెవిన పడుతుంది. ఎనిమిది నెలల పిల్లలు మధ్యలో విరామమే లేని మాటల ప్రవాహాన్ని రెండు నిమిషాలు విని, ఏ అక్షరాల తరువాత ఏ అక్షరాలు తరచుగా వస్తున్నాయో దాన్నిబట్టి అందులోని పదాలను విడదీయగలరని 1996లో అమెరికాలో తేలింది. కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ 1984లో ప్రచురించిన పరిశోధన మనకు మరింత దగ్గరిది. ఇంగ్లీషు ఇళ్ళలో పెరిగే ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు హిందీలోని ట, త ధ్వనుల మధ్య భేదాన్ని సులువుగా పట్టగలిగారు. పది, పన్నెండు నెలలు వచ్చేసరికి ఆ సామర్థ్యం చాలావరకు తగ్గిపోయింది, ఎందుకంటే చుట్టూ వినిపించే ఇంగ్లీషులో ఆ భేదంతో పని లేదు. హిందీ వింటూ పెరిగే పిల్లల్లో అది తగ్గలేదు. అంటే ఏడాది నిండేలోపే చెవి తనకు అవసరమైన భేదాలకు అలవాటు పడుతుంది. తరువాత కొత్త భాష రాదని దీని అర్థం కాదు. ఇంట్లో మాట్లాడిన భాష, పిల్లవాడు ఇంకా మాట్లాడకముందే వాడిలో చాలా పని చేసి ఉంటుందని మాత్రం అర్థం. మీ బాబులో తెలుగు ఆ పనంతా చేసేసింది. మీరు ఇప్పుడు ఆపాలనుకుంటున్నది ఆ భాషనే.

టీచరుగారి సలహా ఆమె సొంతంగా పుట్టించినది కాదు, దానికి పాత చరిత్ర ఉంది. 1923లో వేల్స్ దేశంలో డి.జె. సేర్ అనే పరిశోధకుడు రెండు భాషల పిల్లలు తెలివితేటల పరీక్షల్లో వెనకబడుతున్నారని ప్రకటించారు. పల్లెల్లోని పిల్లలను, వాళ్ళ ఆర్థిక పరిస్థితులను, పరీక్ష ఏ భాషలో పెట్టారన్న సంగతిని అటువంటి పరిశోధనలు సరిగ్గా లెక్కలోకి తీసుకోలేదు. 1962లో మాంట్రియల్ నగరంలో ఎలిజబెత్ పీల్, వాలస్ లాంబర్ట్ ఒకే రకమైన ఆర్థిక స్థితి గల పదేళ్ళ పిల్లలను పోల్చి చూసినప్పుడు రెండు భాషల పిల్లలు వెనకబడలేదు సరికదా, చాలా పరీక్షల్లో ముందున్నారు. ఆ పాత నమ్మకం శాస్త్రంలో అలా బలహీనపడింది గానీ బడుల్లో, కొందరు డాక్టర్ల గదుల్లో ఇంకా చలామణిలో ఉంది. ఇక్కడే ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఎక్కువ భాషలు వస్తే పిల్లలు మేధావులవుతారని వాట్సాపులో తిరిగే మాటలను కూడా నమ్మవద్దు, ఆ విషయంలో పరిశోధకుల మధ్య ఏకాభిప్రాయం లేదు. తెలుగు నేర్పడానికి అటువంటి కారణం అవసరం లేదు. అమ్మమ్మతో మాట్లాడగలగడం చాలినంత కారణం.

తెలుగు ఆపి ఇంగ్లీషు మొదలుపెట్టిన ఇళ్ళలో నిజంగా ఏం జరుగుతుందో చెబుతాను, ఎందుకంటే నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. ఇంగ్లీషు చదువుకున్న తల్లిదండ్రులే అయినా, ఆఫీసులో రోజంతా ఇంగ్లీషులో మాట్లాడేవారే అయినా, పిల్లలతో ఇంగ్లీషు మొదలుపెట్టగానే మాట కురచబడుతుంది. "కమ్, సిట్, ఈట్, నో, డోంట్ టచ్" అన్న ఆజ్ఞలు మిగులుతాయి. తెలుగులో అయితే ఆ తల్లే "నిన్న తినలేదు కదా, అందుకే కడుపు నొప్పి వచ్చింది, ఇవాళ రెండు ముద్దలు తింటే సాయంత్రం కిందికి తీసుకెళ్తాను" అని కారణం, షరతు, గతం, భవిష్యత్తు అన్నీ ఒక్క మాటలో పెట్టగలదు. బతిమాలడం, బేరమాడడం, ఆటపట్టించడం, కథ కల్పించడం సొంత భాషలో అలవోకగా వస్తాయి. పిల్లలకు భాష వచ్చేది అటువంటి మాటల నుంచే. వైట్‌ఫీల్డులో ఉండే ఒక కుటుంబం నాలుగేళ్ళ పాపను తీసుకువచ్చింది. బడివాళ్ళ మాట విని ఏడాదిగా ఇంట్లో ఇంగ్లీషు తప్ప మాట్లాడటం లేదు. ఆ ఇంట్లో నాయనమ్మ ఉంది, ఆమెకు ఇంగ్లీషు రాదు, తెలుగు మాట్లాడవద్దన్నారు కాబట్టి ఆమె పాపతో మాట్లాడటమే తగ్గించేసింది. పాప ఇంగ్లీషులో ఒకటి రెండు మాటలతో సరిపెట్టేది, తెలుగు జంకుతూ మాట్లాడేది. మేము చేసిన చికిత్సలో మొదటి భాగం నాయనమ్మకు ఆమె మాటను తిరిగి ఇచ్చేయడమే. కొన్ని నెలల్లో పాప తెలుగులో పొడవైన వాక్యాలు చెప్పసాగింది. ఆ వెనకే ఇంగ్లీషు వాక్యాలూ పొడుగయ్యాయి, ఎందుకంటే జరిగినదాన్ని వరుసగా చెప్పడం, కారణం అడగడం అన్నవి ఒక భాషలో పట్టుబడితే రెండో భాషలో మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవలసిన పని ఉండదు.

భాషలు ఒకదాన్ని మరొకటి ప్రభావితం చేయవా అంటే, చేస్తాయి, దాచవలసిన పని లేదు. నేను బెంగళూరు తెలుగు పిల్లల్లో తరచుగా చూసే ఒక మార్పు ఉంది. మనకు "మనం" వేరు, "మేము" వేరు. వింటున్నవాళ్ళను కలుపుకుంటే మనం, వదిలేస్తే మేము. ఇప్పటి కన్నడంలో రెంటికీ "నావు" ఒక్కటే, హిందీలో "హమ్" ఒక్కటే, ఇంగ్లీషులో కూడా ఒక్కటే మాట. అంటే ఇక్కడి పిల్లవాడి చుట్టూ ఉన్న మూడు భాషల్లోనూ ఈ భేదం లేదు, దాన్ని నిలబెట్టే భారమంతా ఇంట్లోని తెలుగు మీదే పడుతుంది. అందువల్ల ఇంటికి వచ్చిన చుట్టంతో "మనం నిన్న జూకి వెళ్ళాం" అని ఐదారేళ్ళ పిల్లలు అనడం వింటుంటాను, ఆ చుట్టం వెళ్ళనే లేదు. చెన్నైలో పెరిగే తెలుగు పిల్లలకు ఈ చిక్కు తక్కువ, తమిళంలో "నామ", "నాంగ" అని అదే భేదం బతికే ఉంది కాబట్టి. మీరు ఇంట్లో "మేమిద్దరం బజారుకు వెళ్తున్నాం, నువ్వు అమ్మమ్మ దగ్గర ఉండు, సాయంత్రం మనందరం పార్కుకు వెళ్దాం" అన్నట్టు రెండూ పక్కపక్కన వినిపించేలా మాట్లాడితే చాలు, వ్యాకరణ పాఠం అక్కర్లేదు.

ఇటువంటి ప్రభావాన్ని చూసి భాష పాడైపోతోందని బెంగపడవద్దు. ఇది పెద్దల్లో, ఊళ్ళల్లో, శతాబ్దాల మీద కూడా జరుగుతూ వచ్చింది. మహారాష్ట్రలో కర్ణాటక సరిహద్దు దగ్గర కుప్వాడ్ అనే ఊరు ఉంది. అక్కడ కన్నడం, మరాఠీ, ఉర్దూ, కొద్దిగా తెలుగు తరతరాలుగా పక్కపక్కనే ఉన్నాయి. జాన్ గంపర్జ్, రాబర్ట్ విల్సన్ 1971లో ప్రచురించిన పరిశోధనలో, ఆ ఊరివాళ్ళు మాట్లాడే భాషల మాటలు వేరువేరుగానే ఉన్నా వాక్య నిర్మాణం దాదాపు ఒకటే అయిపోయిందని, ఒక వాక్యాన్ని మాటకు మాట మార్చి మరో భాషలో చెప్పేయవచ్చని చూపించారు. అంతకు ముందే 1956లో ఎమెనో అనే పండితుడు భారతదేశమంతా ఒకే భాషా మండలమని ప్రతిపాదించారు. మనం "కాఫీ గీఫీ" అంటాం, కన్నడంలోనూ "గి" తోనే జంట కడతారు, తమిళంలో "కి" తో, హిందీలో "చాయ్ వాయ్" అని "వ" తో. కుటుంబాలు వేరైన భాషలు కూడా పక్కపక్కన బతకడం వల్ల ఇటువంటి పోలికలు తెచ్చుకున్నాయి. మన అలమారా, మేస్త్రీ పోర్చుగీసు వాళ్ళ నుంచి, జవాబు, హక్కు, తారీఖు పారశీక, అరబ్బీల నుంచి ఉర్దూ మీదుగా వచ్చాయి. వాటితో తెలుగు తెలుగుగానే ఉంది. మాటలు వచ్చి చేరడం వల్ల ఏ భాషకూ ముప్పు లేదు, ఆ భాషలో పిల్లలతో మాట్లాడేవాళ్ళు లేకపోవడమే ముప్పు.

ఆ ముప్పు ఎంతవరకు నిజమో బెల్జియంలోని ఫ్లాండర్స్ ప్రాంతంలో ఆనిక్ డి హౌవర్ చేసి 2007లో ప్రచురించిన సర్వే చెబుతుంది. సుమారు 1,900 కుటుంబాలు, ప్రతి ఇంట్లో కనీసం తల్లిదండ్రులలో ఒకరికి వేరే భాష. అందులో దాదాపు నాలుగో వంతు ఇళ్ళలో పిల్లలు ఆ ఇంటిభాష మాట్లాడటం లేదు. తల్లిదండ్రులిద్దరూ ఇంట్లో ఇంటిభాషే మాట్లాడే కుటుంబాల్లో మాత్రం దాదాపు పిల్లలందరికీ అది వచ్చింది. తల్లి ఒక భాష, తండ్రి ఒక భాష అన్న నియమం గురించి మీరు వినే ఉంటారు. జూల్ రోంజా అనే ఫ్రెంచి పండితుడు జర్మన్ మాట్లాడే భార్యతో కలిసి తన కొడుకును అలా పెంచి 1913లో ఆ వివరాలు ప్రచురించారు. అప్పటి నుంచి ఆ పద్ధతికి మంచి పేరు ఉంది. కానీ అది తప్పనిసరి కాదు, అదొక్కటే చాలదు కూడా అని ఈ సర్వే చూపింది. మీ ఇద్దరిదీ తెలుగే కాబట్టి ఒకరు ఇంగ్లీషు, ఒకరు తెలుగు అని పంచుకోవలసిన అవసరమే లేదు. ఇంగ్లీషు బడిలో వస్తుంది. కన్నడం ఇంట్లో బాబును చూసుకునే ఆమె వల్ల వస్తోంది, 2015లో చేసిన కన్నడ భాషాభ్యాస చట్టం ప్రకారం కర్ణాటకలో బడులన్నీ కన్నడం నేర్పాలి కాబట్టి రేపు అక్కడా వస్తుంది. హిందీ ఆటల్లో వస్తుంది. తెలుగుకు మాత్రం మీ ఇల్లు తప్ప మరో చోటు లేదు.

కాబట్టి చేయవలసినవి చెబుతాను. బాబు ఏ భాషలో అడిగినా మీరు తెలుగులోనే సహజంగా జవాబివ్వండి, తిట్టవద్దు, దిద్దవద్దు. "హాలు బేడ" అంటే "పాలు వద్దా? సరే, పళ్ళరసం తాగుతావా, మజ్జిగ తాగుతావా?" అని సంభాషణ ముందుకు నడపండి. "పాలు అను, అంటేనే ఇస్తాను" అని పట్టుపడితే పిల్లలకు ఆ భాషంటేనే విసుగు పుడుతుంది. చుట్టాల ముందు "తెలుగులో ఒకటి చెప్పు నాన్నా" అని ప్రదర్శనకు పెట్టడం కూడా అంతే. పిల్లలు తప్పులు చేస్తారు, చేయనివ్వండి. "రాలేదు" అనవలసిన చోట "వచ్చలేదు" అనీ, "ఇవ్వలేదు" బదులు "ఇచ్చలేదు" అనీ అంటారు. అది వినికిడి లోపం కాదు, అలక్ష్యమూ కాదు. "నవ్వాడు, నవ్వలేదు" నుంచి వాడు ఒక సూత్రం తీసి "వచ్చాడు" మీద ప్రయోగించాడు. పెద్దల నోట ఎన్నడూ వినని రూపాన్ని తయారు చేశాడంటే సూత్రం పట్టుబడిందన్నమాట, కొన్నాళ్ళకు మినహాయింపులూ తెలుస్తాయి.

కన్నడం మాట్లాడే ఆమెను కన్నడమే మాట్లాడనివ్వండి. కొందరు ఆమెను వచ్చీరాని హిందీలోనో తెలుగులోనో మాట్లాడమంటారు, దానివల్ల పిల్లవాడికి ఆమె భాషలోని సొగసూ అందదు, మన భాషా అందదు. పైగా కన్నడం బాగా వచ్చిన పిల్లలకు తెలుగు చదవడం సులువవుతుంది. రెండు లిపులూ ఒకే పాత తెలుగు-కన్నడ లిపి నుంచి విడివడినవి. ఐదారేళ్ళప్పుడు బడిలో కన్నడ అక్షరాలు మొదలైనాక తెలుగువి నేర్పండి. తలకట్టు తేడా, క, త, శ లాంటి కొన్ని అక్షరాల రూపం తేడా చూపిస్తే మిగిలినవి చాలావరకు వాడే పోల్చుకుంటాడు.

ఫోనులో తెలుగు పాటలు, బొమ్మల కథలు పెడితే భాష వస్తుందా అని చాలామంది అడుగుతారు. పెద్దగా రాదు. ప్యాట్రిషియా కూల్ బృందం 2003లో చేసిన ప్రయోగంలో, అమెరికాలోని తొమ్మిది నెలల పిల్లలతో చైనీస్ మాట్లాడే మనుషులు 12 సార్లు కూర్చుని ఆడుకున్నారు, ఆ పిల్లలకు చైనీస్ ధ్వనుల భేదం పట్టుబడింది. అవే మాటలు అదే మనుషుల నుంచి టీవీలో చూసిన పిల్లలకు ఏమీ పట్టుబడలేదు. వీడియో కాల్ మాత్రం వేరు, అవతలి మనిషి పిల్లవాడి మాటకు అప్పటికప్పుడు జవాబిస్తుంది. ఒంగోలులోని అమ్మమ్మ రోజూ ఒక వేళకు వీడియోలో మాట్లాడితే, "ఇవాళ ఏం తిన్నావు రా, చొక్కా ఏ రంగుది, చూపించు" అని అడిగితే, అది లెక్కలోకి వచ్చే సంభాషణే. వేసవిలో బాబును ఊరు తీసుకువెళ్ళి, అక్కడి పిల్లల మధ్య వదిలి, మీరు మధ్యలో దుబాసీ పని చేయకుండా ఉండగలిగితే అంతకన్నా మేలైనది లేదు. ఇక్కడ కూడా మీ అపార్ట్‌మెంటులో తెలుగు కుటుంబం ఒకటైనా ఉండకపోదు. నాలుగైదేళ్ళు వచ్చేసరికి పిల్లలు తల్లిదండ్రుల కన్నా తోటి పిల్లల భాష వైపు మొగ్గుతారు, మీరు తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పే దశ వస్తుంది. చాలా ఇళ్ళలో తెలుగు అక్కడే ఆగుతుంది, పిల్లలకు అర్థమవుతుంది కానీ మాట్లాడరు. తెలుగులో ఆడుకునే ఒక్క స్నేహితుడు ఉంటే ఆ దశ దాటడం ఎంతో సులువవుతుంది.

మీ వారి సంకోచం గురించి కూడా చెప్పాలి. తన తెలుగులో కన్నడం కలిసి ఉంటుందని, "ఏం చేస్తాండావు", "యాడికి పోతాండావు" అంటానని, బాబుకు అది అంటుతుందని ఆయన మాట్లాడటం తగ్గించారని రాశారు. దయచేసి ఆయనను మాట్లాడమనండి. హిందూపురం, మడకశిర, ఇటు చిక్కబళ్ళాపురం, కోలారు ప్రాంతాల తెలుగు కన్నడంతో కలిసి పెరిగిన తెలుగు. ఇటువైపు లక్షల మంది కన్నడంలో చదువుకుని, తెలుగు అక్షరం ముక్క రాకపోయినా, తరతరాలుగా ఇంట్లో తెలుగు నిలబెట్టుకున్నారు. తమిళనాడులో విజయనగర, నాయక రాజుల కాలం నుంచి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో అలాగే నిలబెట్టుకున్నాయి. వాళ్ళు పుస్తకాల తెలుగు మాట్లాడి నిలబెట్టలేదు, తమకు వచ్చిన తెలుగును సిగ్గుపడకుండా పిల్లలతో మాట్లాడి నిలబెట్టారు. రెండు యాసలు వింటే బాబు ఇద్దరివీ నేర్చుకుంటాడు, నాన్నతో "చేస్తాండా" అని, మీతో "చేస్తున్నా" అని అంటాడు. భాషలనే వేరుచేసి పట్టుకోగలిగినవాడికి యాసలు ఒక లెక్క కాదు. తండ్రి తన మాటను తానే తక్కువ చేసుకుని మౌనంగా ఉంటే మాత్రం, బాబుకు దక్కే తెలుగు సగానికి సగం తగ్గుతుంది.

బడితో మాట్లాడేటప్పుడు వాదనకు దిగవలసిన అవసరం లేదు. 2020 జాతీయ విద్యా విధానమే, వీలైన చోటల్లా కనీసం ఐదో తరగతి వరకు ఇంటిభాషలో లేదా స్థానిక భాషలో బోధన ఉండాలంటోందని మర్యాదగా గుర్తుచేయండి. ఇంట్లో మేము తెలుగే మాట్లాడతాం, బడిలో ఇంగ్లీషు మీరు చూసుకోండి అనండి. కొత్త భాష మాట్లాడే బడిలో చేరిన పిల్లలు కొన్ని వారాలు, ఒక్కోసారి కొన్ని నెలలు, పెదవి విప్పకుండా వింటూ ఉంటారు. ఇంట్లో గలగలా మాట్లాడే పిల్లవాడు బడిలో అలా ఉంటే కంగారుపడి మా దగ్గరికి పంపవలసిన పని లేదు, కొంత సమయం ఇమ్మనండి.

ఇక నిజంగా ఆందోళన పడవలసిన సందర్భాలు. పది నెలలకు కూడా "బబబ, దదద" లాంటి పలుకులు లేకపోవడం, ఏడాది దాటినా పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం, ఏడాదిన్నర దాటినా ఒక్క మాట కూడా రాకపోవడం, రెండేళ్ళకు అన్ని భాషలూ కలిపి యాభై మాటలు లేకపోవడం, రెండు మాటలు జోడించకపోవడం, ఏ వయసులోనైనా వచ్చిన మాటలు పోవడం. "అన్ని భాషలూ కలిపి" అన్నది ముఖ్యం. పాలు, హాలు, మిల్క్ అన్నవి మూడూ లెక్కే. తెలుగు మాటలు మాత్రమే లెక్కపెట్టి, లేదా ఇంగ్లీషు మాటలు మాత్రమే లెక్కపెట్టి తక్కువ వచ్చాయనడం అన్యాయం. నిజంగా ఆలస్యం ఉంటే అన్ని భాషల్లోనూ ఉంటుంది, ఒక్క భాషలోనే ఉంటే అది ఆ భాష తక్కువ వినడం వల్ల మాత్రమే.

ఆలస్యం కనిపించినప్పుడు కూడా భాషల మీద నెపం వేసి ఆగిపోవద్దు, అందులో పెద్ద ప్రమాదం ఉంది. రెండున్నరేళ్ళ బాబును ఒక కుటుంబం తీసుకువచ్చింది. నాలుగు భాషల వల్లే మాటలు రావడం లేదు, ఒక్క భాష చేయండి, వచ్చేస్తాయి అని ఎవరో చెప్పగా అలాగే చేసి కొన్ని నెలలు ఎదురుచూశారు. పరీక్షిస్తే రెండు చెవుల్లోనూ కర్ణభేరి వెనక ద్రవం నిలిచి, వినికిడి తగ్గిపోయి ఉంది. చెవి వైద్యం జరిగాక మాటలు వచ్చాయి, అన్ని భాషల్లోనూ వచ్చాయి. అందుకే మాటలు ఆలస్యమైన ప్రతి పిల్లవాడికీ మొదట జరగవలసింది వినికిడి పరీక్ష. ఆటిజం, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల విషయంలో కూడా రెండు భాషలు వినడం వల్ల అదనంగా నష్టం జరుగుతుందని ఇప్పటివరకు జరిగిన పరిశోధనలు చూపలేదు. వాళ్ళకూ ఇంటిభాష మానమని చెప్పనక్కర్లేదు.

మీరు రాసినదాన్నిబట్టి మీ బాబు మూడు నాలుగు మాటల వాక్యాలు చెబుతున్నాడు, ప్రశ్నలు అడుగుతున్నాడు, బడిలో జరిగినది ఇంటికి వచ్చి చెబుతున్నాడు. ఆ వయసుకు అది సరిపోతుంది. అయినా మనసు ఊరుకోకపోతే ఒకసారి చూపించుకోవడంలో తప్పేమీ లేదు. బెంగళూరులోనే నిమ్హాన్స్‌లో ఈ విభాగం ఉంది, మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఈ పని కోసమే ఏర్పడినది. వెళ్ళే ముందు ఒక వారం పాటు బాబు అన్న మాటలు, వాక్యాలు ఏ భాషలో ఉన్నా, కలిపి ఉన్నా, ఎవరితో అన్నాడో కూడా పక్కనే రాసిపెట్టండి. కన్నడం మాట్లాడే ఆమెను కూడా ఆమెతో అన్నవి చెప్పమని అడిగి చేర్చండి. ఇంట్లో సహజంగా మాట్లాడుతున్నప్పుడు ఐదు నిమిషాలు ఫోనులో రికార్డు చేసి తీసుకెళ్ళండి, కొత్త గదిలో కొత్త మనిషి ముందు పిల్లలు మాట్లాడేదాని కన్నా అది మాకు ఎంతో ఎక్కువ చెబుతుంది. పరీక్ష ఇంగ్లీషులో మాత్రమే చేస్తామంటే ఒప్పుకోవద్దు. తెలుగు, కన్నడం కూడా చూడమని అడిగే హక్కు మీకు ఉంది.